పులుపు ముట్టని చెయ్యి

చిదంబరయ్యగారికి ఒక పాడు అలవాటు ఉండేది. అడిగినదానికి జవాబు చెప్పేవారు కాదు. శిష్యుడు ఎంతో ఆలోచించి, మాటలు పేర్చుకొని, చేతులు కట్టుకొని ఒక ప్రశ్న వేస్తాడు. ఆయన "ఊఁ" అని, మూలనున్న కర్ర అందుకొని, "పద, అట్లా పోయొద్దాం" అంటారు. ఆ పోయేది ఎక్కడికో చెప్పరు, ఎందుకో చెప్పరు. ఎండలో కంపచెట్ల దారిన నడిపించి, ఎవరి కొట్టం ముందో నిలబెట్టి, అక్కడ జరిగేదేదో జరగనిచ్చి, మళ్లీ వెనక్కి తీసుకొస్తారు. దానికి జవాబని పేరు. ఆయన దగ్గర పశువైద్యం నేర్చుకుందామని వచ్చి, కాళ్లనొప్పులతో ఇళ్లకు పోయినవాళ్లు ఉన్నారు. నిలిచినవాడు కోటిలింగం ఒక్కడే.

గుండ్లకమ్మకు పడమటి దిక్కున, వానలకు మొహం వాచిన మెట్టపల్లెల్లో చిదంబరయ్యగారు పుట్టి పెరిగారు. జంగమయ్య. పొద్దున్నే శివుడికి దీపం పెట్టి, ఆ తరువాత రోజంతా గొడ్డూగోదా మధ్య గడిపేవారు. విరిగిన కొమ్ముకు కట్టు కట్టడం, అడ్డం తిరిగిన దూడను తిప్పి తీయడం, ముల్లు దిగిన గిట్టకు వాత పెట్టడం ఆయన చేతికి బాగా తెలిసిన పనులు. వీటన్నిటితోబాటు ఆయనకొక పొడి ఉండేది. వాము, శొంఠి, ఇంగువ, సైంధవ లవణం, ఇంకా ఒకటి రెండు దినుసులు కలిపి దంచిన పొడి. వేరుశనగ తీగె మితిమీరి మేసి పొట్ట డోలులాగా ఉబ్బిన ఎద్దుకు ఆ పొడి బెల్లంలో కలిపి తినిపిస్తే, పూట తిరక్కుండా ఎద్దు నెమరు పట్టేది. అందులో మోసం లేదు. ఆ పొడి చేసే పని అది, ఆ పని అది చేసేది.

కోటిలింగం ఆయన దగ్గరికి ఎందుకొచ్చాడో కూడా చెప్పాలి, లేకపోతే ఆ తరువాత అతను చేసింది మీకు వట్టి కక్కుర్తిగా కనబడుతుంది. అతని చిన్నతనంలో తొలకరి వానలకు ఇంట్లో ఎడ్లజత జబ్బవాపు వచ్చి పోయింది. మొదటిది పోయినప్పుడు తండ్రి ఏడ్చాడు. రెండోది పోయేటప్పుడు తండ్రి చూడలేక లేచి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. పిల్లవాడు మాత్రం దాని మెడ ఒళ్లో పెట్టుకొని, అది చూసే చూపు చూడలేక, ఏదైనా ఒక మందు ఉంటే బాగుండును, ఏదైనా ఒక్క మందు, అనుకుంటూ కూర్చున్నాడు. ఆ అనుకోవడం అతన్ని మళ్లీ వదలలేదు. మీసాలొచ్చాయి, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆ మందు మీది ఆశ మాత్రం అట్లాగే ఉండిపోయింది. చిదంబరయ్యగారి పొడికి ఒక ఎద్దు లేచి నిలబడటం మొదటిసారి చూసిననాడు, ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఇదేనేమో అని అతనికి కళ్లనీళ్లు తిరిగాయి.

అతను వచ్చాక ఆకు పొట్లాలు పోయి రేకు డబ్బాలు వచ్చాయి. డబ్బాల మీదికి అచ్చుకాగితం వచ్చింది. మొదటి కాగితం మీద చిదంబరయ్యగారి పేరూ, "పశువుల కడుపుబ్బరానికి" అన్న మాటా, అంతే. సంతలో అది చూసిన రైతులు "ఒక్క ఉబ్బరానికేనా?" అని పెదవి విరిచేవారు. కాగితాలు అయిపోయి మళ్లీ అచ్చు వేయించినప్పుడు కోటిలింగం ఆకలి మందగించడం చేర్చాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. ఆ తరువాతిసారి గాలికుంటు చేరింది. ఆ పైన గొంతువాపు, జబ్బవాపు. ఎవరో ఆడమనిషి తన కోళ్లు మెడలు వంకర తిరిగి పడిపోతున్నాయని సంతలో కంటతడి పెట్టుకుంటే, మరుసటి కాగితానికి కోళ్ల కొక్కెర తెగులు కూడా చేరింది. బొమ్మ కూడా వేయించాడు. ఎద్దు, బర్రె, గొర్రె, కోడిపుంజు పక్కపక్కన నిలబడి ఫోటో దిగుతున్నట్టు ఉండేవి. కింద పెద్ద అక్షరాలతో, "తప్పక నయమగును."

ఇవన్నీ రాస్తూ అతను అబద్ధం రాస్తున్నాననుకోలేదు. అట్లా అయితే ఎంత బాగుంటుందో అనుకుంటూ రాశాడు. లోకంలో ఇంతకంటే చిక్కైన అబద్ధం లేదు, ఎందుకంటే రాసేవాడికి అది ప్రార్థనలాగా ఉంటుంది.

చిట్టచివర ఇంకొక చిన్న వరుస ఉండేది. "మందు వేయు చేయి పులుపు ముట్టరాదు. పథ్యము తప్పిన గుణమివ్వదు." గొడ్డుకు మందు పడితే ఇంటి ఇల్లాలు పథ్యం పట్టడం ఆ పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. మందు తినేది బర్రె, చప్పిడి తినేది మనిషి. చిదంబరయ్యగారు ఎవరినీ ఏ పథ్యమూ అడిగినవారు కాదు. కానీ పథ్యం లేని మందును మందని ఎవరు నమ్ముతారని కోటిలింగం ఆ వరుస వేయించాడు. సంతలో అది బాగా పనిచేసింది. పులుపు ముట్టరాదని చదవగానే ఆడవాళ్లు డబ్బాను రెండు చేతులా పట్టుకునేవారు.

ఇట్లా జరుగుతుండగా ఒక సంతనాడు పెద్దూరి పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఒకాయన డబ్బా తిప్పి చూసి, "గొంతువాపుకు పొడి ఏందయ్యా?" అని అక్కడ పెట్టేసి పోయాడు. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాట కోటిలింగం చెవిలో జోరీగలాగా తిరగడం మొదలుపెట్టింది. మరునాడు పొద్దున గురువుగారు పొడి జల్లెడ పడుతుంటే ఎదురుగా కూర్చొని అడిగేశాడు.

"అయ్యా, మన పొడిలో విషం లేదు. ఉన్నవన్నీ మంచి దినుసులే. డబ్బా మీద ఒక మాట ఎక్కువ ఉంటే ఎవరికి చెడుపు? రైతుకు ధైర్యం వస్తుంది. తగ్గితే సంతోషం. తగ్గకపోతే జబ్బు అంతటిది అనుకుంటారు. ఇన్నాళ్లలో ఒక్కరంటే ఒక్కరు తిరిగొచ్చి ఇదేమిటని మనల్ని అడగలేదు. ఎవరూ అడగనిది తప్పెట్లా అవుతుంది?"

చిదంబరయ్యగారు జల్లెడ పక్కన పెట్టారు. "ఆ కాగితం చదువు," అన్నారు. ఆయనకు అక్షరం ఆనక చాలాకాలమైంది, డబ్బాల మీద ఏముందో ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. కోటిలింగం మొదటినుంచీ చదివాడు. తన పేరు వచ్చిన చోట ఆయన కళ్లు మూసుకున్నారు. చివరిదాకా తెరవలేదు. అప్పుడు "ఊఁ" అన్నారు. కర్ర అందుకున్నారు.

"కొమ్మిడిపాడు గురవమ్మ ఈ మధ్య దీపానికి నెయ్యి తేవడం లేదు. బర్రె పోయిందన్నారు. ఎట్లా పోయిందో ఎవరూ చెప్పలేదు. పద, అట్లా పోయొద్దాం. చేతిసంచీ తీసుకో."

సంచీలో ఎప్పుడూ ఒక డబ్బా ఉండేది. కోటిలింగం దాన్ని భుజాన వేసుకొని వెనకాలే నడిచాడు. కొమ్మిడిపాడు ఎక్కడో, గురవమ్మ ఎవరో అతనికి ఆనవాలు అందలేదు. సంతలో ఎంతమందికో ఇస్తాడు, అందరి మొహాలూ ఎక్కడ గుర్తుంటాయి. ఈ నడక అయ్యాక గురువుగారు ఒక మంచి మాట చెప్తారని, ఆసుపత్రి మనిషి మాట అప్పుడు చెవిలోంచి పోతుందని ఆశపడుతూ నడిచాడు.

గురవమ్మ ఇల్లు ఊరికి ఈ కొసనే ఉంది. నడివయసు మనిషి, కష్టపడి పనిచేసే ఒళ్లు, కానీ చిక్కిపోయి ఉంది. చిదంబరయ్యగారిని చూడగానే చేతిలో చీపురు పక్కన పడేసి, కొంగు భుజం నిండా కప్పుకొని, కాళ్లకు నీళ్లిచ్చింది. మంచం వాల్చింది. ఆ తరువాత ఇంట్లోకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో చెంబెడు నీళ్లూ బెల్లం ముక్కా ఉన్నాయి.

"మజ్జిగ లేవు సామీ," అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమె లోపల అంతసేపు నిలబడిందని కోటిలింగానికి తెలిసింది. "మా ఇంటికి వచ్చినవాళ్లకు మజ్జిగ లేవని నేను ఎప్పుడూ అనలేదు."

కొట్టంలో గుంజ ఉంది, గుంజకు పలుపు చుట్టి ఉంది. కుడితి గోలెం బోర్లించి ఉంది. ఆ మూలగా, ఎండ తగలనిచోట, ఒక పెయ్యదూడ కట్టేసి ఉంది. ఈ మధ్యనే ఎవరి దగ్గరో, పెంచి సగం వాటా ఇచ్చే ఒప్పందం మీద తెచ్చుకున్న దూడ, మనిషిని చూస్తే ఇంకా బెదురుతోంది. చిదంబరయ్యగారు చచ్చిపోయిన బర్రె సంగతి ఎత్తలేదు. ఆమే ఎత్తింది.

"మా బొల్లిది మీకు గుర్తుందా సామీ? మీ చేతిమీదే పుట్టింది. నుదుట తెల్లమచ్చ. అడ్డం తిరిగితే మీరే తీశారు. నేను బయటికి పోయి వస్తే, వీధి మలుపులో నా అడుగు విని అరిచేది. ఇప్పుడూ నేను ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి కొంచెం నిదానిస్తా. అరుస్తుందేమోనని. ఎందుకు అరుస్తుంది, లేదని నాకు తెలుసు. అయినా నిదానిస్తా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకోలేదు, కన్నీళ్లు కూడా రాలేదు. అవి ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. ఎవరైనా అడిగితే బాగుండునని ఇన్నాళ్లూ ఎదురుచూసిన మనిషి లాగా, ఆగకుండా చెప్పింది. తొలకరి పడిన వారంలో బర్రెకు పొద్దున్నే గొంతు కింద వాపు వచ్చింది. గురక మొదలైంది. మొగుడు అంకయ్య చొక్కా తొడుక్కొని, పెద్దూరు పోయి డాక్టరును తీసుకొస్తానన్నాడు. ఇంట్లో సామి మందు ఉంది గదా, డబ్బా మీద గొంతువాపని ఉంది గదా, డాక్టరెందుకు, అని ఆమే ఆపింది. మందు బెల్లంలో కలిపి తినిపించింది. బర్రె సాయంత్రానికి పోయింది.

కోటిలింగం నేల చూస్తున్నాడు. ఇప్పుడు తిడుతుంది, అనుకున్నాడు. తిట్టినా బాగుండును, తిడితే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కానీ గురవమ్మ అతనివైపు తిరిగి చల్లగా నవ్వింది.

"ఈ తమ్ముడే ఇచ్చాడు సామీ ఆ డబ్బా. ఎంత ఓపిగ్గా చెప్పి ఇచ్చాడో. పథ్యం సంగతి కూడా చదివి వినిపించాడు. మందులో లోపం లేదు. తప్పు నాది." ఆమె గొంతు తగ్గించింది. "ఆరోజు మధ్యాహ్నం మా తోడికోడలు చింతపండు పులుసు కాస్తూ, అక్కా ఉప్పు సరిపోయిందా చూడు అని గరిటెతో అరచేతిలో చుక్క వేసింది. ఏ ధ్యాసలో ఉన్నానో, నాలుక మీద వేసుకున్నా. వెంటనే గుర్తొచ్చి ఉమ్మేశా. మింగలేదు సామీ, ప్రమాణం చేసి చెప్తున్నా. నీళ్లు పోసుకొని పుక్కిలించా. మీరొస్తే అడుగుదామని ఇన్నాళ్లూ ఉన్నా. మింగకపోయినా పథ్యం తప్పినట్టేనా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో ఇంకేమీ లేదు, తెలుసుకోవాలన్న ఆశ తప్ప. అప్పటినుంచీ ఆమె పులుపు ముట్టలేదని ఆ మాట వెనకాలే బయటపడింది. చింతపండు లేదు, గోంగూర లేదు, మామిడికాయ లేదు. ఊరగాయ జాడీ తోడికోడలింటికి పంపించేసింది. ఇంట్లోవాళ్లకు వండి పెట్టి, తాను చప్పటి పప్పూ అన్నం తిని లేస్తోంది. ఆ గడ్డ మీద పుట్టిన మనిషికి అది ఎట్లాంటి శిక్షో, మనబోటివాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చిదంబరయ్యగారు బెల్లం ముక్క అరచేతిలో పెట్టుకొని కోటిలింగం వైపు చూశారు. అంతకుముందు ఎన్నో కొట్టాల ముందు అట్లా చూశారు గానీ, ఈసారి ఆ చూపు తన మీదనుంచి తీయడం లేదని కోటిలింగానికి అర్థమైంది. చెప్తే గురువుగారి పేరు పోతుంది. చెప్పకపోతే ఈమె బతికినన్నాళ్లూ ఒక చుక్క పులుసుకు శిక్ష అనుభవిస్తుంది. అతను మంచం కోడు పట్టుకొని నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు. "ఆ పథ్యం మందుది కాదు. నేను కల్పించి రాయించింది. పొడికి గొంతువాపు తగ్గించే గుణం కూడా లేదు. అది ఉబ్బరానికి మాత్రమే. మిగతాదంతా నా రాత. అయ్యగారికి తెలియదు. నువ్వు గంపెడు పులుపు తిన్నా, అసలు తినకపోయినా, బర్రె సంగతిలో తేడా ఉండేది కాదు."

తన జీవితంలో అంత కష్టపడి అంత నిజమైన మాట అతను ఎప్పుడూ చెప్పి ఉండడు. చెప్పి, ఆమె మొహం తేటపడుతుందని ఎదురుచూశాడు. గురవమ్మ అతన్ని జాలిగా చూసింది.

"మంచిపిల్లాడివి తమ్ముడూ. నా మనసు నొచ్చుకుంటుందని నీ మీద వేసుకుంటున్నావు. అచ్చులో ఉంది గదా. అచ్చువేసినవాళ్లు ఊరికే వేస్తారా?"

"వేశానక్కా. నేనే వేయించాను."

"సామి పేరు ఉంది గదా దానిమీద," అంది ఆమె, అదే జవాబన్నట్టు. ఆ పైన లేచి, కొట్టంలో దూడ దగ్గరికి పోయి దాని మెడ నిమిరి, మొహమాటంగా వెనక్కి తిరిగింది. "ఇంకో డబ్బా ఉంటే ఇచ్చిపో తమ్ముడూ. ఈ దూడను చూస్తే భయంగా ఉంది. ఈసారి పథ్యం తప్పను. ఇప్పటినుంచే పట్టుకొని ఉన్నా, చూస్తున్నావు గదా."

సంచీలో డబ్బా ఉంది. అది అతని పక్కటెముకలకు ఒత్తుకుంటోంది. కోటిలింగం సంచీని వెనక్కి తోసుకొని, లేదక్కా, ఇవ్వను, అది మందు కాదు, దూడను రేపు నేనే వచ్చి పెద్దూరు ఆసుపత్రికి తోలుకుపోతాను, అక్కడ టీకా వేస్తారు, అన్నాడు. గురవమ్మకు అది వేరేగా అర్థమైంది.

"నా చేతికి ఇయ్యకూడదనుకుంటున్నావు," అంది. "నిజమేలే. నా చెయ్యి మంచిది కాదు."

గురుశిష్యులిద్దరూ తిరుగుదారి పట్టారు. ఎండ వాలిపోయింది. కోటిలింగం నడుస్తూ నడుస్తూ ఒక చోట ఆగిపోయాడు. పెద్దమనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, దారి మధ్య నిలబడి, "అబద్ధం చెప్తే రెండు చేతులా పట్టుకున్నారు. నిజం చెప్తే ఎందుకు నమ్మదయ్యా?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం కూడా ఉంది.

చిదంబరయ్యగారు కర్ర మీద బరువు వేసి నిలబడ్డారు. "ఆమె మొగుడు చొక్కా తొడుక్కున్నాడని చెప్పింది, విన్నావా?" అన్నారు. "నీ మాట నమ్మితే, వద్దని ఆయన్ని ఆపిన సంగతి మొయ్యాలి. పులుసు చుక్క తేలిక నాయనా."

అడిగినదానికి ఆయన నేరుగా జవాబు చెప్పింది ఆ ఒక్కసారే అనుకుంటాను. కోటిలింగానికి ఆ క్షణంలో ఆయన మామూలుగా "ఊఁ" అని ఊరుకొని ఉంటే బాగుండుననిపించింది.

ఆ తరువాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. మిగిలిన కాగితాలన్నీ పొయ్యిలో పెట్టారు. కోటిలింగం సంతలన్నీ తిరిగి, డబ్బాలు వెనక్కి ఇమ్మని బతిమాలాడు. అమ్మడం కంటే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కొందరు ఇచ్చేది లేదన్నారు, మాకు గుణమిచ్చింది, నీకెందుకు, అని దబాయించారు. కొందరు మందు కొరత వచ్చిందనుకొని ఉన్న డబ్బాను పెట్టెలో దాచుకున్నారు. ఒక ముసలాయన మాత్రం ఇచ్చేస్తూ, "ఇది ఇంట్లో ఉంటే నిద్ర పట్టేదయ్యా, ఇప్పుడెట్లా?" అన్నాడు.

కొమ్మిడిపాడుకు మాత్రం పోతూనే ఉన్నాడు. చెప్పినట్టే దూడను ఆసుపత్రికి తోలుకుపోయి టీకా వేయించాడు. వానల ముందు మళ్లీ తోలుకుపోయాడు. వెళ్లిన ప్రతిసారీ గురవమ్మ అన్నం పెట్టేది. అతని విస్తరిలో గోంగూరపచ్చడి ఉండేది, ఆమె తన గిన్నెలో చప్పటిపప్పు కలుపుకునేది. తిన్నాక అతను ఆ మాట మళ్లీ చెప్పేవాడు, అక్కా ఆ రాత నాది, నీ చెయ్యి మంచిదే, అని. ఆమె విని, "సరేలే తమ్ముడూ" అనేది. నమ్మినవాళ్లు "సరేలే" అనరని అతనికి తెలుసు.

ఒకరోజు అంకయ్య ఊరి బయటిదాకా సాగనంపడానికి వచ్చాడు. నోటి మాట తక్కువ మనిషి. కోటిలింగం ఆయన ముందు కూడా తల వంచుకొని, నీకైనా నిజం తెలియాలి అన్నా, అని మొదలుపెడితే, అంకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది పొడితో తగ్గేది కాదని నాకు ఆరోజే తెలుసు," అన్నాడు. "ఇన్నాళ్లూ ఆమెతో బర్రె మాట ఎత్తకుండా ఉన్నా. ఎత్తితే నేను డాక్టరు కోసం పోతానన్న సంగతి గుర్తొస్తుంది. నేను మాట్లాడనందుకు, తనమీద కోపమనుకుంటోంది. అనుకోనీ. అదైనా కొంచెం నయం."

ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు పక్కపక్కనే పడుకొని, ఒకరి మాట కోసం ఒకరు అట్లా మొహం వాచి ఉన్నారని కోటిలింగానికి ఆరోజు తెలిసింది. గొంతువాపు అన్న మాటా, ఆ పథ్యం వరుసా కాగితం మీద పేర్చడానికి అచ్చాఫీసులో ఎంతసేపు పట్టిందో గుర్తుచేసుకున్నాడు. ఒక బీడీ కాల్చినంతసేపు కూడా పట్టలేదు.

ఏడాది తిరిగి మళ్లీ తొలకరి వచ్చింది. దూడ ఎదిగి ఒళ్లు చేసింది. తన కాళ్ల చప్పుడుకు తల తిప్పి చూస్తోందని కూడా గురవమ్మ చెప్పింది, చెప్తూ కొంచెం సంతోషపడింది. కానీ పులుపు ముట్టలేదు. ఆ రోజుల్లో కోటిలింగానికి కొత్తగా ఒక ధ్యాస పట్టుకుంది. ఒళ్లో ఎద్దు మెడ పెట్టుకొని కూర్చున్న పిల్లవాడు మందు కోసం ఎట్లా తపించాడో, ఇప్పుడు అట్లా ఒక్కదానికోసం తపించిపోతున్నాడు. ఆమె తన మాట నమ్మాలి. తన ఎదుట ఒక్క ముద్ద పులుసన్నం కలుపుకొని తినాలి. మొగుడివైపు తిరిగి, నిన్ను ఆపానే ఆరోజు, అని ఒక్కసారి గట్టిగా ఏడవాలి, ఆయన ఫరవాలేదులే అనాలి. ఆ మాట వినడానికి అతను ఎన్ని వానాకాలాలైనా నడవడానికి సిద్ధంగా ఉన్నాడు. నడిచీ నడిచీ వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం, ఇది ఎప్పటికీ జరగదేమోనని గుండె జారిపోయేది.

ఒక పొద్దున మబ్బు పట్టి ఉంది. కొమ్మిడిపాడు పోవడానికి చెప్పులు తొడుక్కొని, గడప దగ్గర ఆగి, కోటిలింగం వెనక్కి వచ్చాడు. చిదంబరయ్యగారు రోటి దగ్గర కూర్చొని శొంఠి దంచుతున్నారు. ఈమధ్య పొడి మళ్లీ ఆకు పొట్లాల్లోనే పోతోంది, అడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు.

"అయ్యా," అన్నాడు కోటిలింగం. "ఆమె ఎప్పటికైనా నమ్ముతుందంటారా? మీ నోటితో నమ్ముతుందని ఒక్క మాట చెప్పండి. మీకు నిజంగా తెలిసే చెప్పనక్కరలేదు. ఊరికే అనండి చాలు. కాళ్లకు ధైర్యం వస్తుంది."

అనేశాక తాను ఏమడిగాడో అతనికి వినబడింది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చిదంబరయ్యగారు రోకలి పక్కన పెట్టారు. ఆయన మొహంలో ఎగతాళి లేదు. ఆ ఒక్క మాట ఇవ్వాలని ఆయనకూ ఎంత ఉందో ఆ ముడతల్లో కనబడింది.

"నాకు తెలియదు నాయనా," అన్నారు. "వాన వచ్చేట్టుంది, పోయి రా."